గ్యాసు లేదని చెప్పే వ్యాను

ముప్పై ఏళ్లుగా కాశీబుగ్గలో ఏసీలు బాగుచేస్తున్నాను. ఈ ముప్పై ఏళ్లలో నాకు ఒళ్లు మండించిన మాట ఒకటే, "గ్యాసు అయిపోయింది." చల్లగాలి రాకపోతే చాలు, గ్యాసు అయిపోయిందంటారు. కొత్త గ్యాసు కొట్టేసి పంపించేస్తారు. గ్యాసు పెట్రోలు కాదు, బండి తిరిగితే ఖర్చయిపోవడానికి. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. ఎక్కడో కారితే తప్ప తగ్గదు. కారిన చోటు వెతకని వాడు, అసలు తగ్గిందో లేదో గేజీ పెట్టి చూడని వాడు మెకానిక్కే కాడని నా లెక్క. ఇది పదిమందిలో అని తగవులు తెచ్చుకున్నాను కూడా.

పోయిన వేసవిలో ఒకాయన కరెంటు వ్యాను తెచ్చి నా షెడ్డు ముందు ఆపాడు. మందస అవతల సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు, వేట మీద బతికే కుటుంబం. పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది. ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. ఆమె కోసమే ఆ వ్యాను కొన్నాడు. ఎలాగూ వస్తున్నాం కదా అని దారిలో ఊళ్ల నుంచి ఇంకో నలుగురు రోగుల్ని ఎక్కించుకునేవాడు. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న మా ఉద్దానంలో అలాంటి నలుగురు దొరకడానికి పెద్దగా వెతకనక్కర్లేదు.

"బావా, ఏసీ రాదు. అదొక్కటే అయితే నీ దగ్గరకి రాకపోదును. రెండు గంటలు తిరిగితే బండి పాకతాది. సార్జింగు పెడితే ఎక్కదు," అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. ఆ వ్యానులో మనుషుల్ని చల్లబరిచే గ్యాసే బ్యాటరీనీ చల్లబరుస్తుంది. ఏసీ ఆగితే బ్యాటరీ వేడెక్కుతుంది. వేడెక్కిన బ్యాటరీ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది, ఛార్జింగు వద్దంటుంది. ఇంతవరకూ ఎక్కడ చూపించావని అడిగాను. దూరాన ఉన్న సర్వీసు సెంటరుకి మూడుసార్లు తీసుకెళ్లాడట. మొదటి రెండుసార్లూ పాత గ్యాసు తీసి కొత్త గ్యాసు కొట్టారు. ఒక పూట బాగుండేది, మళ్లీ అదే కథ. మూడోసారి వెళితే, గ్యాసుని తిప్పే కంప్రెసర్ పోయింది, సామాను రావడానికి టైం పడుతుందన్నారు. అందాకా కిటికీలు దించుకుని నడుపుకో, ఏసీ లేకపోతే కొంప మునగదు కదా అని కౌంటరులో కూర్చున్న అబ్బాయి సలహా ఇచ్చాడట.

ఆ మాట వినగానే నాకు తిక్క రేగింది. బ్యాటరీ గురించి ఒక్క ముక్క చెప్పకుండా కిటికీలు దించుకోమంటాడా? మంచి ఎండలో, ఐదుగురు రోగులతో, హైవే మీద ఆ బండి పాకుతుంటే వెనక నుంచి లారీ వచ్చి గుద్దితే ఎవరు జవాబుదారీ? ఒకరోజు అదీ జరగబోయి తప్పిందట. అప్పటి నుంచి ఆయన జనాన్ని ఎక్కించుకోవడం మానేశాడు. భార్యని బస్సులో తెస్తున్నాడు, ఆ రోజు మాత్రం బాగుచేయించడానికి చల్లపూటే మెల్లగా వ్యానులో వచ్చారు. మిగతావాళ్లు ఆటోలూ బస్సులూ పట్టుకుంటున్నారు. వాళ్లలో ఒక ముసలాయన మాత్రం బస్సు మెట్టు ఎక్కలేక రెండు వంతులు డయాలసిస్ మానేశాడట. కొబ్బరితోట రైతు. మర్నాడు మళ్లీ వాళ్ల వంతు. రేపటికి వ్యాను నడుస్తుందా, లేదా? వాళ్లకి కావలసింది ఆ ఒక్క జవాబు.

ముందు గేజీలు తగిలించాను. ఆగి ఉన్న బండిలో, ఆ ఎండకి ఎంత ప్రెషరు ఉండాలో సరిగ్గా అంతే ఉంది. గ్యాసు నిండుగా ఉంది. తర్వాత స్కానరు పెట్టి బండిలో కంప్యూటర్‌ ఏమనుకుంటోందో చూశాను. సున్నా. అంటే గొట్టం తెగి గ్యాసంతా గాలిలో కలిసిపోయిందని అది నమ్ముతోంది. గ్యాసు లేకుండా తిరిగితే కంప్రెసర్ కాలిపోతుంది కాబట్టి దాన్ని తిరగనివ్వడం లేదు. పాపం, దాని పని అది బుద్ధిగా చేస్తోంది. అబద్ధం చెబుతున్నది ప్రెషరు సెన్సార్. కంప్రెసర్‌కి ఏమీ కాలేదు. గేజీనీ స్కానరు తెరనూ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తగా పనిలో చేరినవాడికైనా తెలిసిపోయే సంగతి ఇది. మూడుసార్లు వెళ్లిన బండికి ఒక్కడూ ఆ పని చేయలేదా అనుకుంటూ సెన్సార్ దగ్గర చెయ్యి పెట్టాను.

సెన్సార్‌కి మూడు వైర్ల ప్లగ్గు ఉంటుంది. క్లిప్పు నొక్కి లాగితే రావాలి. రాలేదు. అతికించినట్టు పట్టేసింది. మెల్లగా అటూ ఇటూ కదిపి ఊడదీస్తే లోపల నల్లగా, లక్కలాగా గట్టిపడి ఉంది. గోటితో గీకి వాసన చూశాను. ఉద్దానంలో పుట్టినవాడికి ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు. జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె. మా దగ్గర పడవ చెక్కలకి పూస్తారు, ఉప్పునీరు తినేయకుండా. చెక్కకి అది మంచిదే. ప్లగ్గులో అయితే పిన్నుల మీద పొరకట్టి కరెంటుని పోనివ్వదు. ప్లగ్గు కదిలినప్పుడల్లా ఎక్కడో చిన్న ఆనిక దొరికి ఒక పూట పనిచేస్తుంది. గ్యాసు కొట్టగానే బాగుపడిందని వాళ్లు అనుకున్నది దీన్నే.

మీటరు పెడితే ఐదు వోల్టులు ప్లగ్గు దాకా వస్తున్నాయి, సెన్సార్‌లోకి పోవడం లేదు. చిన్న వైరు ముక్కలతో మూడింటినీ నేరుగా కలిపాను. గేజీ మీద ఉన్న అంకే తెర మీదా కనిపించింది.

సంతోషించాల్సిన చోట నా నోరు జారింది. రోడ్డు మీదకి వినిపించేలా అరిచాను.

"ఏ బుద్ధిలేనోడయ్యా ఈ నూనె పూసింది? బండి అనుకున్నాడా, పడవనుకున్నాడా?"

ఆయన తల దించుకున్నాడు. వ్యానులోంచి ఆమె దిగింది. చీర చెంగు కింద ఇంతసేపూ దాచుకున్న చేతులు బయటికి తీసింది. వేళ్ల మీద పాత బొబ్బల మచ్చలు. ఆ నూనె చర్మాన్ని కాల్చేస్తుంది.

"నానే పూసినానన్నా. ఉప్పుగాలికి ఇనుమంతా తుప్పట్టిపోతంది. బండి పోతే ఈల్లందరూ ఎలాగెల్తారని, కనిపించిన ప్రతి సోటా ఈకతో రాసినాను. అద్దానికి కూడా రాద్దునేమో, ఈయన తిట్టినాడు."

సర్వీసు కాగితాలు ఉంటే ఇమ్మన్నాను. ఆయన డాష్‌బోర్డులోంచి తీసి ఇచ్చాడు. ఇంగ్లీషులో ఉన్నాయి, ఆయనకి చదవడం రాదు. రెండోసారి వెళ్లినప్పటి కాగితంలో ఒక లైను: సెన్సార్ ప్లగ్గులో నల్లటి జిగురు ఉంది, కస్టమర్ నిర్లక్ష్యం, వారంటీ వర్తించదు. కింద ఆయన సంతకం.

నేను ఆ లైను మూడుసార్లు చదివాను. అంటే చూశారు. ప్లగ్గు ఊడదీశారు, జిగురు కనిపించింది, కాగితం మీద రాసుకున్నారు, మళ్లీ అలాగే పెట్టేసి గ్యాసు కొట్టి పంపించారు. తుడవలేదు. ఇదేమిటమ్మా అని అడగలేదు. తెలియక వదిలేశారని ఇంతసేపూ తిట్టుకున్నాను. తెలిసే వదిలేశారు. అప్పటికప్పుడు సర్వీసు సెంటరుకి ఫోన్ చేశాను. అవతల గొంతు చాలా మర్యాదగా ఉంది.

"రాశాం కదా సార్. ఆయన సంతకం కూడా పెట్టారు."

ఫోన్ పెట్టేసి ఇంకో గంట కూర్చుని ఆ పిన్నులు ఒక్కొక్కటీ శుభ్రం చేశాను. ప్లగ్గు లోపలి రేకులు పట్టు వదిలేస్తే కొత్తవి వేశాను. కలిపి నడిపితే కంప్రెసర్ సన్నగా మొదలైంది, గాలి చల్లబడింది. ఉప్పుగాలికి ఏం రాయాలో ఆమెకి చూపించాను. ప్లగ్గుల కోసమే దొరికే తెల్ల గ్రీజు, అదీ కొంచెమే, బయటి రబ్బరు అంచుకి. ఆమె వింటున్నదే గాని మనసు అక్కడ లేదు.

"అయితే ఆ కొబ్బరితోట తాత రెండు సార్లు ఎల్లకపోడం నా వల్లే కదన్నా?" అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ కాగితం రాసినవాడు ఆమె మీద మోపిన నిందని నేను రోడ్డు మీద నిలబడి అరిచి ఖాయం చేశాను. కాదమ్మా, కాదని ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు. ముసలాయనకి ఆయాసం వచ్చి ముందురోజే టెక్కలి ఆసుపత్రిలో చేర్చారట. వెళ్లి చూడాలి, కాళ్లు పట్టుకోవాలి అంది. షెడ్డుకి తాళం వేసి వాళ్లతో బయల్దేరాను. బండిని ఎండలో పరీక్షించినట్టూ ఉంటుందని పైకి చెప్పాను. నిజానికి ఆ ముసలాయనకి జరిగింది జరిగినట్టు చెప్పాలని. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, ఎవరి తప్పు ఎంతో, నాది ఎంతో.

వార్డులో ఆయన దిండ్లకి చేరబడి కూర్చుని ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. అక్కడే డయాలసిస్ చేశారట, కాస్త తేరుకున్నాడు. ఆమె మంచం కాళ్ల దగ్గర కూర్చుని, నూనె సంగతంతా చెప్పి ఏడ్చింది. నేను నోరు తెరవబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. నూనె గురించి గానీ, కాగితం గురించి గానీ ఆయనకి ఏమీ అక్కర్లేదు.

"బండి బాగయినాదా బాబూ?" అని నన్ను అడిగాడు.

"బాగయింది బాబాయ్."

ఆయన ఆమె వైపు తిరిగాడు. మా ఊళ్లో పిలవని పెళ్లికి వెళ్లినవాళ్లు కూడా అంత మొహమాటంగా అడగరు.

"మరైతే వచ్చే వంతుకి నాకు సోటుంటాదేటమ్మా? లేదంటే సెప్పేయ్, ఏటనుకోను."