పదిహేను ప్లాట్ల పరుగు

ఇవాళ పొద్దున రావిర్యాల దగ్గరి మా వెంచర్‌లో ఒక ప్లాటుకు ముగ్గు పోశారు. ఇల్లు కట్టుకోబోయే దంపతులు కొబ్బరికాయ కొడుతుంటే, నేను అటు చూడాల్సింది పోయి, ఎదురుగా ఉన్న నలభై అడుగుల రోడ్డును చూసి నవ్వుకుంటున్నాను. "ఏందన్నా, ప్లాటుల ఏమన్న కిరికిరి ఉన్నదా?" అని ఆయన కంగారుపడ్డాడు. అమ్మినవాడు ఊరికే నవ్వితే కొన్నవాడికి గుండె జారదా మరి! అలాంటిదేం లేదని చెప్పి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నా నవ్వుకు కారణం నా మేనకోడలు. అది మిలిటరీలో చేరడానికి పరుగు నేర్చుకున్నది ఈ రోడ్డు మీదే.

మా అక్క కాటేదాన్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. బావ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. వాళ్లకు ఒక్కతే బిడ్డ. పదో తరగతి నుంచి దానికి ఒకటే పిచ్చి, యూనిఫాం వేసుకోవాలని. ఒకసారి భర్తీకి వెళ్లి పరుగులో తప్పింది. రెండోసారి రాతపరీక్ష గట్టెక్కి మళ్లీ పరుగుకు పిలుపు అందుకుంది. ఇదే ఆఖరుది. వచ్చే పుట్టినరోజుతో వయసు దాటిపోతుంది, ఆ తర్వాత ఎంత ఉరికినా ఎవరికీ అక్కర్లేదు. ఆ తేదీ పేరెత్తితే చాలు, అక్క ముఖం మాడిపోయేది. పిల్ల మాత్రం, "ఈసారి అయితది మామా, నువ్వు జర ఎన్కనుంచి ఒర్రుతుండు, చాలు" అంది.

గొంతు చించుకుని ఒర్రడం నాకు చేతనైన పనే. పదహారు వందల మీటర్లు ఉరకాలట. గ్రౌండు కోసం ఎక్కడో వెతకడమెందుకు, నా వెంచర్ ఉంది కదా అన్నాను. రోడ్లు పడ్డాయి, ఇళ్లు ఇంకా లేవలేదు, నంబర్ల రాళ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో ప్లాటు ముందు వైపు పది గజాలు. చుట్టూ తిరిగి వస్తే నలభై ప్లాట్లు, అంటే నాలుగు వందలు. నాలుగు చుట్లు కొడితే పదహారు వందలు! లెక్క ఇంత చక్కగా కుదిరినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. రోజూ తెల్లవారుజామున అది ముందు ఉరికేది, నేను బండి మీద వెనక. విమానాలు మా నెత్తిమీదుగా ఎగిరిపోయేవి, వాటి చప్పుడులో నా అరుపులు నాకే వినపడేవి కావు. రెండు కుక్కలు ఎందుకో మూడో చుట్టులోనే తరిమేవి, ఆ చుట్టు టైం ఎప్పుడూ బాగుండేది. అక్క డ్యూటీకి పోతూ పోతూ ఉడికించిన గుడ్లు, రాగిజావ ఇచ్చి, పిల్ల తాగేదాకా కదిలేది కాదు. మూడు నెలలకు మా పిల్ల, భర్తీవాళ్లు ఇచ్చిన గడువు కంటే ముందే, దర్జాగా ముగించేయసాగింది. నేనైతే హోటల్లో అందరికీ ఛాయ్ తాగించి, పని అయిపోయినట్టే చెప్పుకున్నాను.

భర్తీకి పన్నెండు రోజులున్నాయనగా ఒక రిటైర్డ్ సుబేదార్ ప్లాటు చూడ్డానికొచ్చాడు. ప్లాటు సంగతి వదిలేసి పిల్ల పరుగే చూశాడు. నేను గొప్పగా పదహారు వందలని దూరమూ, టైమూ చెప్పాను. ఆయన రోడ్డు వెంట కొంత దూరం అడుగులు వేసుకుంటూ పోయి, తిరిగొచ్చాడు. "ఇది పదహారు వందలు ఎట్లయితదయ్యా?" అన్నాడు. "ఎందుకు కాదు సాబ్! ఒక్కో ప్లాటుకు పది గజాలు, నూటఅరవై ప్లాట్లు..." "గజాలా! వాళ్లు ఉరికిచ్చేది మీటర్లల్ల! గజం మీటరు కన్న మూడంగుళాలు తక్కువ!" అని ఆయన నెత్తి పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా గజం తప్ప ఇంకో కొలత నా నోట రాలేదు. మా దగ్గర స్థలం అంటే గజం, మాట అంటే గజం. మీటరు అంటే నాకు కరెంటు మీటరే గుర్తొస్తుంది. ఆ పూట నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. పిల్ల బతుకుతో ఆడుకున్నానే అని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

చెప్పక తప్పదు కదా. చెప్పాను. అది కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "ఎన్ని ప్లాట్లు తక్కువైనయి మామా?" అని అడిగింది. "పదిహేను" అన్నాను. అంతే, షూ లేసు బిగించి, అప్పటికే నాలుగు చుట్లు ఉరికొచ్చిన పిల్ల, ఆ పదిహేను ప్లాట్లూ ఉరికి వచ్చి నా ముందు నిలబడింది. ఆ పన్నెండు రోజులూ సుబేదార్ సాబే కర్ర పట్టుకుని నిలబడ్డాడు. చివరి రోజు వరకూ పిల్ల గడువులోపల ఒక్కసారి కూడా రాలేదు. భర్తీ రోజు మమ్మల్ని గేటు బయటే ఆపేశారు. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది, నేను నిలబడలేక, కూర్చోలేక అటూ ఇటూ తిరిగాను. మధ్యాహ్నం పిల్ల ఛాతీ మీద నంబరు కాగితంతో, ఒళ్లంతా దుమ్ముతో బయటికొచ్చి, "నాలుగు సెకండ్లు మిగిలినయి మామా!" అని అరిచింది. నేను రోడ్డు మీదే ఎగిరి గంతేశాను. బావ క్యాబు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఎవరో వచ్చి తిట్టేదాకా.

ట్రైనింగ్ బెంగళూరులో. ఫోను ఆదివారం మాత్రమే, అదీ పది నిమిషాలు. మొదటి వారం జుట్టు కత్తిరించారని నవ్వింది. రెండో వారం పక్క దుప్పటి మడతలో ముడత కనపడిందని గ్రౌండంతా తిప్పారని చెప్పింది. మూడో వారం నవ్వలేదు. "కాళ్లు వాచినయి మామా, నాతోటి అయితలేదు. వచ్చేస్త" అంది. నాకు ధైర్యం చెప్పే మాటలు రావు. "ఇంకెంత బిడ్డా, పదిహేను ప్లాట్లే" అన్నాను. అటునుంచి ముక్కు ఎగబీల్చి, "గట్లనే అను ప్రతి వారం" అంది. అన్నాను. రైఫిల్ విప్పి బిగించడం నేర్చుకున్నప్పుడూ, రాత్రంతా నడిచిన వారమూ, పచ్చిపులుసు కోసం ప్రాణం కొట్టుకుంటోందని చెప్పినప్పుడూ అదే అన్నాను.

ట్రైనింగ్ ముగిసి ప్రమాణం చేసే కసమ్ పరేడ్ రోజు ముగ్గురం వెళ్లాం. వందల మంది ఆడపిల్లలు, అందరికీ ఒకే టోపీ, ఒకే అడుగు. "మనది ఏదిరా? ఏదిరా?" అని అక్క నా చెయ్యి గిల్లుతూనే ఉంది. నాకూ తెలియలేదు. తెలియక, వెళ్లే ప్రతి పిల్లకూ చప్పట్లు కొట్టాం, చేతులు మండేదాకా. చివరికి నల్లబడి, సన్నబడి, నిటారుగా నడుస్తూ మా ముందుకొచ్చి సెల్యూట్ చేసింది. అక్క దాని ముఖం రెండు చేతుల్లో పట్టుకుని చూసి చూసి, ఒక్కసారిగా ఉలిక్కిపడింది. "అవునే, నీ పుట్టినరోజు ఎప్పుడు పోయింది?" పిల్ల వేళ్ల మీద లెక్కబెట్టి పకపకా నవ్వింది. "పోయిన నెలనే అమ్మా! ఆ రోజు బురదల పాకుతున్నం. నాకు గూడ యాదికి లేదు."

ఏడాది పొడుగునా మేం భయపడ్డ తేదీ అది; వచ్చి, మాలో ఎవరినీ పలకరించకుండానే వెళ్లిపోయింది.