మందు వేయని మడి

రెండు వారాల కిందట పొద్దున్నే, ఊరికి అటు చివరనున్న బాగ్‌బేరా నుంచి అత్త పక్కింటాయన స్కూటర్ మీద సోనారిలోని మా ఇంటికి వచ్చారు. గేటు దగ్గరే ఆగి, అత్తావాళ్ల దగ్గర నేర్చిన కాస్త తెలుగులో, "మీ అత్త పోనారమ్మా" అన్నారు. మా మేనత్త. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఆయాసంతో మంచం పట్టిన మావయ్య గురించి మేమందరం భయపడుతూ ఉంటే, ఆయన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషే వెళ్లిపోయింది.

పెళ్లికి ముందు నేను బాగ్‌బేరాలో వాళ్లుండే రైల్వే క్వార్టర్‌లోనే ఉండి చదువుకున్నాను. వెనక పెరట్లో అత్త వంగ, టమాటా వేసేది. ఓ ఏడు మొక్కలన్నీ పాలిపోయి, ఎండ ఎక్కేసరికి తలలు వాల్చేశాయి. పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. కూరగాయలు పండించేవాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది, మట్టిలో కంటికి కనబడని నులిపురుగులు చేసే పని అది. మట్టిలో పోస్తే ఆవిరై పురుగును చంపే మందు ఉందని ఎవరో చెప్పారు. అత్తే మావయ్యను తెమ్మంది. ఆయన యార్డులో డ్యూటీ దిగి వచ్చి, మడిలో తీసిన గుంతల మీద వంగి పోస్తుండగా గాలి తిరిగి, ఆ ఆవిరి మొహానికి కొట్టింది. ఆ రోజు పట్టిన దగ్గు ఇక వదల్లేదు.

ఆస్పత్రి వరండాలో అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నానే తెమ్మన్నానే గుంటా. వంకాయల కోసం మనిసిని పాడు సేసుకున్నాను."

ఇక మడి జోలికి పోదనుకున్నాం. పోయింది. వేసవిలో మట్టిని బాగా తడిపి, అద్దంలా లోపలికి కనబడే పల్చటి ప్లాస్టిక్ కప్పి, అంచులు పూడ్చేస్తే ఆ వేడికి పురుగు చస్తుందని ఎక్కడో విని వచ్చింది. మొదటి ఏడు గాలిదుమారానికి ప్లాస్టిక్ చిరిగి, పురుగు చావక సగం మొక్కలు పోయాయి. పక్కింటాయన గోడ మీంచి చూసి, "అరే బెహన్‌జీ, ఏక్ బార్ దవా డాల్ దీజియే" అన్నారు, ఒక్కసారి మందు వేసెయ్యమని.

"ఆ మందు నా గడప తొక్కదు బాబూ. మొక్కలు పోతే మల్లీ ఏత్తాను."

మరుసటి ఏడు మళ్లీ కప్పింది. కానుగ పిండి కలిపింది, వరసల మధ్య బంతి నాటింది. పురుగు పూర్తిగా పోలేదు, తగ్గింది. పంట అయిపోయాక ఓ మొక్క పీకి, బకెట్లో వేళ్లు కడిగి, మావయ్య మంచం దగ్గరికి తీసుకెళ్లేది.

"సూడండి, ఎంత తెల్లగున్నాయో."

"ఎన్నేల్లు సూపిత్తావే? సాల్లే, వచ్చి కూకో" అనేవారాయన. కూర్చునేది కాదు. ఆ మందు గురించి ఆయన ఆమెను ఒక్క మాట అనగా నేను వినలేదు. అనుంటే ఆమెకు కాస్త తేలికయ్యేదేమో.

కర్మకాండ అయ్యాక, నిన్న మబ్బు పట్టింది. పోయే ముందే ఆమె ప్లాస్టిక్ తీసి మడి సిద్ధం చేసి ఉంచింది. పక్కనే నారు ఎదిగిపోతోంది. మావయ్య గోడ పట్టుకుని లేచి పెరట్లోకి నడిచారు.

"మీరు కూర్చోండి మావయ్యా, నేను నాటుతాను."

"వద్దమ్మా. ఇది నా పని."

మోకాళ్ల మీద కూర్చుని ఒక మొక్క నాటారు. దాని మొదలు చుట్టూ మట్టి నొక్కి, చెయ్యి తియ్యకుండా అలాగే ఉండి, ఊపిరి అందాక పక్క గుంతకు జరిగారు. వాన మొదలైంది. నేను పిలుస్తూనే ఉన్నాను, ఆయన ఇంకో మొక్క అందుకున్నారు.