జీపు చక్రమే కావాలన్న మా అత్తమ్మ

మొన్న ఆదివారం పొద్దున మదనపల్లెలో మా అత్తమ్మ కన్నుమూసింది. చర్చికి పోవడానికి చీర మార్చుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఆసుపత్రిలో ఆయాగా ఆమె చేసిన సేవ గురించే మాట్లాడారు. నేను మాత్రం ఆమె గెలిచిన ఒక పంతం గురించి మీకు చెప్పాలి. ఓడింది నేనే కాబట్టి నాకే బాగా తెలుసు.

పెద్దపంజాణి దగ్గర గుట్ట మీద మేము మామిడి మొక్కలు పెట్టిన మొదటి ఎండాకాలం అది. బోరు ఎండిపోయింది. ట్యాంకరు ఆ దారిన ఎక్కదు. వారంలోపు నీళ్ళు పోయకపోతే తోట మీద ఆశ వదులుకోవాల్సిందే. కింది నుంచి నీళ్ళు తెచ్చుకోవడానికి వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టి, మా పాత జీపు వెనక తగిలించడానికి చిన్న ట్రైలరు చేయించాలనుకున్నాం.

పుంగనూరు పాత సామాన్ల అంగట్లో ఒక చిన్న కారు ఇరుసు, తళతళలాడే చక్రాలతో సహా, నాకు తెగ నచ్చింది. అత్తమ్మ దాన్ని ముట్టుకోను కూడా లేదు. నీళ్ళు నిండితే టన్ను బరువని, ఇరుసును నిండిన బండికి చూడాలిగానీ ఖాళీ బండికి కాదని అంది. పైగా చక్రం బిగించే హబ్బుకు జీపుకున్నట్టే అయిదు బోల్టులు, అదే కొలతలో ఉండాలట. అలాంటిది కుప్పంలో ఉందని తెలిసి మమ్మల్ని అక్కడికీ బయల్దేరదీసింది. రెండు రోజులు పోయాయి. మొక్కలు వాడిపోతుంటే ఈమెకు చక్రాల సోకేమిటని నాకు ఒళ్ళు మండి, ఆ మాట మొహానే అనేశాను.

ఆమె కోప్పడలేదు. ఆసుపత్రిలో ఒక్కో స్ట్రెచరుకు ఒక్కో రకం చక్రాలుండేవని, ఒకటి విరిగితే పక్కదానిది పట్టక రోగిని చేతుల మీదే మోసేవాళ్ళమని చెప్పింది.

"ముప్పై ఏండ్లు మోసినానమ్మా. దీని సక్రం దానికి పట్టాల. గుట్ట మీద ఇరిగితే ఆ నీళ్ళు నువ్వు మోస్తావా?"

చివరికి ఆ కుప్పం ఇరుసుతోనే ట్రైలరు చేయించాం. మొదటి ట్రిప్పులోనే, గుట్ట సగం ఎక్కాక, రాయి కోసి ట్రైలరు టైరు పేలింది. అత్తమ్మ గబగబా దిగి మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టింది. మా ఆయన జీపు స్టెప్నీ తీసుకొచ్చాడు. అది తన ఇంట్లోకి తాను వెళ్ళినట్టు అయిదు బోల్టుల మీదికీ ఎక్కి కూర్చుంది. పావుగంటలో బండి కదిలింది.

పైకి చేరాక నువ్వే గెలిచావని ఒప్పుకున్నాను. అంతకంటే సంతోషంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు.

"ఇంకా యాల నిలబడుకోనుండావు? పైపు పట్టు," అంది.

ఆ ఎండాకాలం మా తోటలో ఒక్క మొక్క కూడా చావలేదు. చర్చిలో పెదవి కదపడమే తప్ప గొంతెత్తని మనిషి, ఆ రోజు పైపు భుజాన వేసుకుని, మడమలు బురదలో దిగబడుతుంటే, గుట్టంతా వినపడేలా పాడుకుంటూ మొక్క మొక్కకూ నీళ్ళు పోసింది.