వికారాబాద్ చేరేదాకా ఫోన్ బతకాలి

మూడేండ్లుగా నాకో కడుపుమంట ఉంది. మధ్యాహ్నానికే ఫోన్ ఎందుకు చచ్చిపోతుందని అడిగితే, తాండూరులో నాకది అమ్మినాయన "పెద్దాయనా, నీకు వాడరాదు" అంటాడు. రెండుసార్లు బ్యాటరీ మార్చాడు, రెండుసార్లూ అదే మాట. నాలుగో తరగతి దాటకపోయినా ముప్పై ఏండ్లు నాపరాయి పాలిష్ మిషన్ నడిపిన చేయి నాది.

పోయిన మంగళవారం పింఛను కాగితంలో పేరు సరిచేయించుకోవడానికి వికారాబాద్ బయలుదేరాను. అంతకుముందు పోయినప్పుడు, ఓటీపీ వచ్చే వేళకు ఫోన్ ఆగిపోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. పేరు మారకుంటే పింఛను ఆగుతుంది. పెద్దేముల్‌లో ఏడింటికి షేర్ ఆటో, తాండూరుకు ముప్పై రూపాయలు. అక్కడ ఎనిమిదింటి బస్సు. ఇంట్లో నిండుగా ఉన్న ఛార్జింగ్ బస్సు కదిలేసరికే డెబ్బైకి దిగింది. మాటిమాటికీ ఫోన్ తీసి, తెరిచి ఉన్న యాప్‌లన్నీ పైకి తోసి మూసేస్తున్నాను.

పక్క సీటులో నర్సింగ్ చదివే పిల్ల నవ్వింది. "ఎన్నిసార్లు తుడుస్తవు తాతా?"

"వాడనిది బంద్ చేయొద్దా బిడ్డా?"

"బంద్ చేస్తె మళ్ల లేస్తయి. లేసినప్పుడల్లా ఇంకింత తాగుతయి. మోటరు చాలూ చేసేటప్పుడు కరెంటు ఎక్కువ గుంజదా?"

ఫోన్ ఆ పిల్ల చేతికిచ్చాను. మిషన్ దగ్గర కొత్త కూలీలను ఇదే మాట మీద తిట్టినవాడిని నేను.

ఆ పిల్ల సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరిచింది. అన్నిటికన్నా ఎక్కువ తింటున్నవి ఒక టార్చి యాప్, నేనెన్నడూ ముట్టని ఆట.

"గీ టార్చికి నువ్వు యాడున్నవో ఎందుకు తాతా? పొద్దంతా నీ జాడ తీస్తనే ఉన్నది."

"ఫోన్ల టార్చి ఉండంగ ఇంకోటి ఎవడు పెట్టిండు?"

"నన్నడుగుతవేంది? అమ్మినోన్ని అడుగు."

రెండూ తీసేయించింది. తొమ్మిదిన్నరకు దిగి, ఆఫీసులో టోకెన్ తీసుకుని కూర్చుంటే నా వంతు రెండింటికి వచ్చింది. ఓటీపీ మోగింది. ఫోన్‌లో ఇంకా నలభై ఉంది. పేరు మారింది.

మిషన్ నడిస్తే చప్పుడవుతుంది, ఆపాలని తెలుస్తుంది. ఫోన్ లోపల నడిచేదానికి చప్పుడు లేదు. నా తుడుపు నా తప్పే, ఒప్పుకుంటాను. చెప్పకుండా పెట్టింది నా తప్పు కాదు. ఇలాంటి పనిమీద పోయేవాళ్లు ముందురోజే సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరిచి, ఏది ఎక్కువ తింటుందో చూడండి. అక్కరలేనిది తీసేయండి, కావలసినదైతే వెనక నడవకుండా ఆపండి.

ఇక అమ్మినాయనా, నన్నడగకుండా అవి ఎందుకు పెట్టావు? బ్యాటరీ మార్చిన రెండుసార్లలో ఒక్కసారైనా లోపల ఎందుకు చూడలేదు? శుక్రవారం పొద్దున పదింటికి నీ దుకాణానికి వస్తున్నాను. జవాబు ఆలోగా తయారు చేసుకో.