ఒంగోలు సీటు

లా కాలేజీ విషయంలో నాకు అందరికంటే మంచి సలహా ఇచ్చినవాడు మా పెదనాయన. మా కంది చేను గట్టురాళ్ళు పీకి, అర ఎకరం తన చేనులో కలుపుకున్నవాడూ ఆయనే. ఆ కేసు నేను బడిలో ఉన్నప్పటి నుంచీ మార్కాపురం కోర్టులో నడుస్తోంది.

నాకు హైదరాబాదులో ఒక సీటు, ఒంగోలులో ఒక సీటు వచ్చాయి. హైదరాబాదు కాలేజీ స్కాలర్‌షిప్ ఇస్తానంది. చదువు అయిపోగానే కంపెనీలు మంచి జీతాలతో తీసుకుంటాయని కూడా చెప్పారు. ఒంగోలులో ఆ రెండూ లేవు, మార్కాపురానికి దగ్గర, అంతే. ఈ సంగతి తెలిసి, ఏళ్ళ తరబడి మా గడప తొక్కని పెదనాయన స్వీట్ డబ్బా పట్టుకుని వచ్చాడు.

“హైదరాబాదుకే పో అమ్మా. స్కాలర్‌షిప్ ఎవరన్నా వదులుకుంటారా? ఈ మార్కాపురంలో ఏముంది, నల్లకోటు ఏసుకొని ఎండలో తిరిగేదానికి?” అన్నాడు.

నాయన తలూపాడు. కేసు నడుస్తున్నా, తన అన్న మాట మీద ఆయనకు ఇంకా గురి. నిజానికి అప్పటిదాకా నేనూ హైదరాబాదే అనుకున్నాను. కానీ ఆ స్వీట్ డబ్బా చూడగానే ఒళ్ళు మండిపోయింది. నేను దూరంగా ఉంటేనే ఈయనకు నిద్ర పడుతుందని అర్థమైంది.

ఒంగోలులో చేరాను. ప్రతి వాయిదాకూ బస్సెక్కి వచ్చి, కోర్టు హాల్లో ఆయన కంటికి ఎదురుగా కూర్చున్నాను.

చదువు ముగించి నేను లాయరునయ్యాక, పోయిన నెల ఆయన బోనెక్కాడు. నల్లకోటు వేసుకుని ప్రశ్నలు అడగడానికి లేచింది నేనే.

“ఏందమ్మా, నువ్వు నా బిడ్డలాంటిదానివి, ఇట్ల నిలబెట్టి అడుగుతావా?” అన్నాడు.

“రాళ్ళు ఎవరు పీకినారో నిదానంగా చెప్పు పెదనాయనా,” అన్నాను. “నేను ఏ హైదరాబాదూ పోలేదు. ఇక్కడే ఉన్నా.”