ఒక దగ్గు, రెండు దగ్గులు

ఎడారిలో పారే హుఆబ్ నదిలో ఏనుగుల జాడ చూసే మనిషి ఎఫ్రాయిమ్ ఊయిరబ్. ఇరవై ఆరేళ్లు అదే పని చేశాడు. నదిలో నీళ్లుండేది ఏడాదికి నాలుగైదు రోజులే, మిగతాదంతా ఇసుక. చూడవచ్చినవాళ్ల బండి అందులో దిగబడితే తవ్వి తీయడం నా పని.

భార్య పోయాక ఆయన ఒంటరి. క్యాంపులో మేమంతా మంట చుట్టూ చేరితే, ఆయన కాస్త ఎడంగా కూర్చుని చక్కెర ఎక్కువేసిన నల్ల టీ తాగేవాడు. ఆయన నోరు విప్పేది ఏనుగుల సంగతి వచ్చినప్పుడే.

తెల్లవారుజామున సముద్రం మీంచి మంచు వస్తుంది. దాని చుక్కలు పడి ఇసుక మీద సన్నటి గుంటలు ఏర్పడతాయి. అడుగు మీద ఆ గుంటలుంటే ఏనుగు రాత్రే వెళ్లిపోయినట్టు. అడుగు నున్నగా ఉంటే మంచు విడిచాక వచ్చినట్టు, అంటే దగ్గర్లోనే ఉంది. మేం బండి దిగాలా వద్దా అన్నది ఆ గుంటలే చెప్పేవి.

రెండేళ్ల కిందట ఆయన కళ్లకు పొర కమ్మింది. ఒకరోజు టీ కప్పులో కాకుండా పక్కన పోశాడు. నేను చూశాను.

"ఎవరికైనా చెప్పావో, పళ్లు రాలగొడతా గెర్సన్!"

"ఉన్నవే ఆరు అన్నా. నీకెందుకు ఆ శ్రమ?"

ఆయన నవ్వలేదు. "తెలిస్తే ఖోరిఖాస్ ఊరికి పంపేస్తార్రా. తమ్ముడి కూతురి రేకుల ఇంట్లో గోడకానుకుని కూర్చోవాలి. అక్కడ ఏనుగులు రావు."

అప్పట్నుంచి జాడ దగ్గరికి నేనూ వెళ్లేవాణ్ణి. గుంటలుంటే ఒకసారి దగ్గేవాణ్ణి, నున్నగా ఉంటే రెండుసార్లు. ఆయన వంగి, తనే చూసినట్టు చెప్పేవాడు. చూడవచ్చిన ఒకావిడ పాపం, నా గుండెల్లో జబ్బుందని మాత్రలిచ్చి వెళ్లింది.

ఒక పొద్దున ఒక ముసలి జంటను తీసుకెళ్లాం. దారిలో రాళ్లకుప్ప దగ్గర, మావాళ్లంతా చేసేదే, తలా ఒక రాయి వేశాం, క్షేమంగా తిరిగి రావాలని. మలుపు తిరగ్గానే చక్రం దిగబడింది. నేను పార పట్టుకుని బండి కింద దూరాను. ముందు ఇసుకలో ఏనుగు అడుగు ఉంది. ఆయన నా కోసం ఆగలేదు. వేళ్లతో తడిమాడు. ఇరవై ఆరేళ్లు రాళ్లూ ముళ్లూ పట్టి కాయలు కాసిన చేయి, దానికేం తెలుస్తుంది?

"గుంటలు తగులుతున్నాయి. రాత్రిది. దిగండి, నడుద్దాం."

నేను బయటికొచ్చి చూసేసరికి అడుగు అద్దంలా నున్నగా ఉంది. రెండుసార్లు గట్టిగా దగ్గాను. అప్పటికే వాళ్లు చెట్ల మధ్యకు వెళ్లిపోయారు. పరుగెత్తాను.

పదిహేను అడుగుల దూరంలో ఆడ ఏనుగు, దాని కాళ్ల దగ్గర పిల్ల. చెవులు విప్పి నిలబడింది. ఆ ఇద్దరూ బిగుసుకుపోయారు. ఎఫ్రాయిమ్ వాళ్లకు అడ్డంగా నిలబడి, చేతులు చాచి, "తల్లీ, మేం వెళ్లిపోతున్నాం, నీ బిడ్డను ముట్టుకోం," అంటున్నాడు.

అంటున్నది ఎండిపోయిన మోపానే చెట్టుతో. తల్లీపిల్లల అలికిడి విన్నాడంతే, ఏనుగు ఆయనకు ఎడమవైపు ఉంది.

అది ఒకసారి బుస్సుమని, ఇసుక ఎగజిమ్మి, పిల్లను తోసుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం మేనేజరమ్మ, హెల్మీన్, మంట దగ్గరికి వచ్చింది. "పెద్దాయనా, వాళ్లు నిన్ను ఒకటే పొగుడుతున్నారు. అంత ధైర్యం ఎక్కడా చూడలేదట. ఇంకో రెండేళ్లు ఉండిపో."

నేను ఆయన వైపు చూశాను. ఏమీ అనకుండా ఉంటే చాలు, ఉద్యోగం నిలిచేది.

"నేను చెట్టుతో మాట్లాడానమ్మా," అన్నాడు.

"ఏంటీ?"

"కనిపించడం లేదు నాకు. వాళ్లు చచ్చిపోయేవాళ్లు. గెర్సన్‌నేం అనకండి, నేనే నోరు మూయించాను."

వారం తర్వాత సరుకుల బండిలో వెళ్లిపోయాడు. రాళ్లకుప్ప దగ్గర ఆపమన్నాడు. దిగి, కుప్ప ఎక్కడుందో చేతులతో వెతుక్కుని, రాయి పెట్టాడు. నేను సాయం పట్టబోతే విదిలించుకున్నాడు.

"దగ్గు తగ్గించుకోరా," అని బండెక్కాడు.

ఆయన చోట ఇప్పుడొచ్చినవాడి కళ్లు మంచివి. జాడ దగ్గర నాతో పనిలేదు. అయినా అడుగు నున్నగా కనిపిస్తే రెండుసార్లు దగ్గు వచ్చేస్తుంది. ఎవరూ తల తిప్పరు.