హజ్‌కి ముందు అడిగే మాఫీ: మాన్గోలో ఒక ఆదివారం

ఆ ఆదివారం ఉదయం నాన్న గడ్డం గీసుకున్నారు. పని మానేశాక ఆదివారాలు ఆయన గడ్డం జోలికి పోరు. చెంప మీద నురుగుతోనే అడిగారు. "ఏటమ్మా, మాన్గోకి ఆటో సాక్చీలో మారాలా, తిన్నగా ఎల్తాదా?"

"సాక్చీ మే బదల్నా పడేగా," అంటూ మారాలని చెప్పాను. ఆయన తెలుగులో అడిగితే నేను హిందీలో చెప్పడం మా ఇంట్లో మామూలే.

ఆయన వెళ్లడానికి ఒప్పుకున్నారని నాకు అలా తెలిసింది. టాటానగర్‌లో నది అవతల ఉన్న మాన్గోలోని ఆజాద్‌నగర్‌లో హనీఫ్ చాచా ఉంటారు. నాన్న ఒక కాంట్రాక్టరు కింద ఫిట్టరుగా చేసిన రోజుల్లో ఆయన గ్యాంగు మేస్త్రీ. ఒకసారి పానాల పెట్టె కనబడకపోతే, "ఈ అప్పన్నే తీసినాడు" అని నాన్నని చూపించి అందరి ముందూ అన్నారట. పెట్టె తర్వాత క్రేన్ కేబిన్‌లో దొరికింది. చాచా మాత్రం అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నాన్న ఆ గ్యాంగు వదిలేశారు, చాచాతో మాటా మానేశారు. ఇప్పుడు చాచా హజ్‌కి వెళ్తున్నారు. యాత్రకి ముందు తెలిసినవాళ్లందరినీ కలిసి, అన్నదీ విన్నదీ మన్నించమని అడగడం అక్కడి ఆచారం. "కహా సునా మాఫ్" అంటారు. అందుకోసం మా ఇంటికి వస్తానని ఫోన్ చేస్తే నాన్న ఒకటే మాట అన్నారు. "నలుగురిలో అన్నావు. నలుగురిలోనే అడుగు." అయితే ఆదివారం మా ఇంట్లో దావత్ భోజనాలు, పాత గ్యాంగంతా వస్తారు, నువ్వూ రా అన్నారు చాచా. హజ్ గురించి నేను పుస్తకాల్లోనే చదివాను. యాత్రికుడు బయలుదేరే ఇల్లు ఎలా ఉంటుందో చూడాలని నేనూ బయలుదేరాను.

మా బిర్సానగర్ నుంచి సాక్చీకి షేర్ ఆటోలో మనిషికి ఇరవై ఇచ్చాం. అక్కడ మారితే మాన్గో వంతెన మీదుగా ఆజాద్‌నగర్‌కి మరో ఇరవై. పదకొండున్నరకి ఇంట్లోంచి బయటపడితే ఒంటిగంట దాటాక చేరాం. వంతెన మీద ఆటో చాలాసేపు ఆగిపోయింది. కింద సువర్ణరేఖ నది రాళ్లు తేలి కనబడుతోంది. నాన్న ఇస్త్రీ చొక్కా చూసి డ్రైవరు హిందీలో, "పెళ్లికా, అంకుల్?" అన్నాడు. "కాదు, పంచాయితీకి," అన్నారు నాన్న. డ్రైవరు నవ్వాడు. నాన్న నవ్వలేదు.

మేం గల్లీ మొదట్లో దిగేసరికి మసీదులో మధ్యాహ్నం నమాజు అప్పుడే అయింది. మెట్ల మీద చెప్పులు వెతుక్కున్నవాళ్లలో చాలామంది తిన్నగా చాచా ఇంటికే నడిచారు. గుమ్మం పక్కన ఇటుకల పొయ్యి మీద పెద్ద డేగిసా ఉంది. నేను వాసన చూస్తూ నిలబడితే వంటాయన అడక్కముందే, "ఖస్సీయే బేటీ, నిశ్చింతగా తినండి," అన్నాడు. ఇక్కడ మేకపోతుని ఖస్సీ అంటారు. గొడ్డు మాంసమేమోనన్న అనుమానం లేకుండా, మా నాన్న కోసమే ఆ మాట ముందుగా చెప్పమని చాచా ఆయనకి పురమాయించారని తర్వాత తెలిసింది.

మగవాళ్లు ముందు గదిలో జంపఖానాల మీద కూర్చున్నారు. నన్ను చాచా భార్య రుక్సానా చాచీ తెర ఇవతల ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టింది. హజ్‌కి ఆవిడా వెళ్తోంది. "మొదటి మాఫీ నన్నే అడిగారు. ఆలోచిస్తానన్నాను. విమానంలో బోలెడు టైముంటుంది కదా," అంది హిందీలో. ఆడవాళ్లంతా నవ్వారు. నేను ధైర్యం చేసి, హజ్‌తో పాపాలన్నీ పోతాయని చదివాను, మరి ఈ అడగడం దేనికి అని ఆవిడ చెవిలో అడిగాను. ఆవిడ వెంటనే తెర మీంచి, "హాఫిజ్ సాబ్, అప్పన్న భాయ్ కూతురు అడుగుతోంది..." అని నా ప్రశ్న ఇల్లంతా వినబడేలా చెప్పేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

హాఫిజ్ సాబ్ అక్కడి మదర్సాలో పాఠాలు చెప్తారు. నెమ్మదిగా జవాబిచ్చారు. "అల్లా పట్ల చేసిన తప్పుని అల్లా మన్నిస్తాడు. మనిషికి చేసిన తప్పుని ఆ మనిషే మన్నించాలి. మనుషులకి మన మీద ఉన్న హక్కులు అవి. కాబా చుట్టూ తిరిగి వచ్చినా ఈ గల్లీ సంగతి ఈ గల్లీలోనే తేలాలి."

"వాళ్లు మన్నించకపోతే?" ఈసారి నా నోటితోనే అడిగాను.

"అది వాళ్ల హక్కు. మొహమాటపెట్టి తీసుకున్నది మాఫీ కాదు, బేటీ."

పళ్లేల్లో పులావ్ వడ్డించాక చాచా లేచి నిలబడ్డారు. గ్యాంగులో సగంమంది శ్రీకాకుళం వాళ్లు కావడంతో ఆయనకి తెలుగొచ్చు, అదీ మా యాసే. "అప్పన్నా, ఆ పానాల పెట్టె నువ్వు తియ్యలేదు. తీసినావని నాను అబద్ధం అన్నాను. దొరికినాక కూడా నోరిప్పలేదు. ఈల్లందరి ముందూ సెప్తన్నాను. మాఫ్ చెయ్యి."

తెర సందులోంచి నాకు నాన్న చేతులు మాత్రమే కనబడుతున్నాయి.

"ముందు కూకో హనీఫ్," అన్నారు నాన్న. "పులావ్ సల్లారిపోతంది."

మూలనుంచి పాత గ్యాంగు తెలుగాయనొకడు అన్నాడు. "ఏట్రా అప్పన్నా, మాఫీ కూడా కిస్తీల్లో ఇత్తావేటి?"

అందరూ నవ్వారు. చాచా కూడా నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. ఆయన కూర్చున్నారు. ఆ తర్వాత ఎవరూ నాన్నని ఒక్క మాట అడగలేదు, తొందర పెట్టలేదు, పెద్దరికం చేయలేదు. రెండోసారి వడ్డించారు. ఆ ఇంట్లో నాకు బాగా నచ్చింది అదే. ఆటో స్టాండు దాకా చాచా మాతో నడిచి వచ్చి, నాన్న చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడ్డారు. నాన్న చెయ్యి లాక్కోలేదు.

వంతెన మీద ఆటో మళ్లీ ఆగినప్పుడు, మన్నించేశారా అని అడిగాను, "మాఫ్ కర్ దియా క్యా, నాన్నా?"

"అడగడానికి ఆడికి ఇన్నేళ్లు పట్టింది," అన్నారు నది వైపు చూస్తూ. "ఇయ్యడానికి నాకు రెండ్రోజులు పట్టకూడదేటి?"

నేను చదివిన కాన్వెంటులో నెలకోసారి నా క్రైస్తవ స్నేహితులు తప్పులు చెప్పుకోవడానికి చాపెల్‌లో వరసగా నిలబడేవారు. నేను ఆఖరి బెంచీలో లైబ్రరీ పుస్తకంతో కూర్చునేదాన్ని. జాలీ తెర వెనక ఫాదర్‌కి చెప్పుకోవడమే కష్టమని అప్పట్లో అనుకున్నాను. తప్పు ఎవరికి చేశామో వాళ్ల ఎదురుగా, వాళ్ల భాషలో, తెలిసినవాళ్లందరూ వింటుండగా చెప్పుకోవడం అంతకన్నా కష్టం. ఆ పని తీరకుండా యాత్ర పూర్తి కాదనే ఆలోచన మీద నాకు గౌరవం కలిగింది. అడిగినంత మాత్రాన ఇచ్చి తీరాలని చెప్పకపోవడం మీద ఇంకా ఎక్కువ గౌరవం కలిగింది.

ఇలాంటి దావత్‌కి పిలుపు వస్తే మధ్యాహ్నం నమాజు అయ్యే వేళకి చేరుకుని, నాలుగు లోపు తిరుగు ఆటో ఎక్కండి. సాయంత్రమైతే మాన్గో వంతెన మీద బళ్లు కదలవు.

మంగళవారం టాటానగర్ స్టేషన్‌లో విమానం ఎక్కే ఊరికి రైల్లో బయలుదేరిన చాచా, చాచీల సూట్‌కేసులు రెండూ నాన్నే బోగీలోకి ఎక్కించి, ప్లాట్‌ఫారం మీద అందరికీ వినబడేలా "మాఫ్" అన్నారు.